పుంగనూరు మిల్లులో నీ కేక

అమ్మా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. కుప్పంలో ఆఫీసుకు లీవు పెట్టి పుంగనూరుకొచ్చినా. మూతబడిన రైస్ మిల్లులో బెంగళూరు పిల్లోళ్ళు ఏందో ఆర్టు ఎగ్జిబిషన్ పెట్టినారంటే సూద్దామని పోయినా. జనం పారేసిన రోళ్ళు, ఇసుర్రాళ్ళు ఏరకొచ్చి నా ఎత్తు గోడ మాదిరి పేర్చినారు. దాన్ని ఇన్‌స్టలేషన్ అంటారంట. ఆ రాళ్ళ నడుమ స్పీకర్లో నువ్వు కేకేస్తాండావు.

"రోళ్ళకు గాట్లు కొడతామమ్మో!"

నీ గొంతు వీళ్ళెప్పుడు రికార్డు చేసుకున్నారో నాకు తెలీనే తెలీదు. స్పీకరు దగ్గరికి పోయినా.

చిన్నప్పుడు, అరిగిన రోళ్ళకు గాట్లు కొట్టే సుత్తి, ఉలి ఉండే సంచి మోసుకుంటా నీ ఎనకాలే తిరిగినదాన్ని కదా. ఒక కేకేసి, ఎవరన్నా తలుపు తీస్తారేమోనని కాసేపు సూస్తావు. మిక్సీలొచ్చినాక ఎవురూ తీయలా. అప్పుడు నా తట్టు తిరిగి మెల్లగా అంటావు, "పద పాపా, ఎనక వీధికి పోదాం."

ఆ మాట కోసం సూస్తా నిలబడినా. కేక అయిపోతాది, మళ్ళీ అదే కేక మొదలవుతాది.

ఆడుండే అమ్మాయిని అడిగినా. "దీని తర్వాత ఇంకో మాట ఉంటాదమ్మా, అది పెట్టవా?"

"ఇంతే ఉందక్కా. రికార్డు చేసిన రోజు ఆమె ఇంకేమీ అనలేదు. ఒక్కతే వచ్చింది."

ఆ బిడ్డను తప్పుబట్టి ఏం లాభంలే. ఎవరితో అంటావు ఆ మాట? ఆ పొద్దు నీ ఎనకాల నేను లేను కదా.