నా ఊపిరితిత్తి, నీ జవాబు

నరసరావుపేట

అన్నయ్యకు,

ఫోన్లో అయితే నన్ను మాట్లాడనివ్వవు. అందుకే రాస్తున్నాను, చివరిదాకా చదువు.

నిన్న కుట్లు చూపించుకోవడానికి గుంటూరు వెళ్ళాను. డాక్టర్ ధరణి గారు, "మీరు వద్దన్నారని ఊరుకున్నామండీ" అన్నారు. నేనేం వద్దన్నాను? ఆపరేషన్ ముందురోజు నన్ను స్కానింగ్‌కి తీసుకెళ్ళినప్పుడు ఆవిడ గదికొచ్చారట. తీయబోయే గడ్డలో కొంత పరిశోధనకు ఇస్తారా అని అడిగితే, "మా చెల్లెలు ఒప్పుకోదు, దాన్ని అడిగి బెదరగొట్టొద్దు" అన్నావట.

నేను ఒప్పుకోనని నీకెవరు చెప్పారు? కోసింది నా ఛాతీని. ఆయన పోయాక గాజుల కొట్టు ఒక్కదాన్నే నడుపుకొస్తున్నాను, ఒక మాట అడిగితే బెదిరిపోతానా?

ఆవిడ నాకు అంతా విడమరిచి చెప్పారు. రక్తనాళాల లోపలి గోడకు పల్చటి కణాల పొర ఉంటుందట. ఒంట్లో తేడా వచ్చిన చోట, రక్తంలో తిరిగే రక్షణ కణాలను ఆపి లోపలికి పంపేది అవేనట. ఊపిరితిత్తుల గడ్డలో మాత్రం, అది చిన్నగా ఉన్నప్పుడే, అవి ఆ పని సరిగా చెయ్యడం మానేస్తాయట. ఎందుకు మానేస్తున్నాయో తెలిస్తే మందుకు దారి దొరుకుతుందని వాళ్ళ ఆశ. మొదట్లోనే బయటపడేవాళ్ళు తక్కువ కాబట్టి నాలాంటివాళ్ళ గడ్డ దొరకడమే కష్టమట. అలాంటిదాన్ని పారేయించావు!

పైగా ఎదురు కొట్టు షాహిదా, "గాల్ బ్లాడర్‌లో రాళ్ళంట గదా అక్కా, మీ అన్న చెప్పాడు" అంది. ఊపిరితిత్తుల క్యాన్సరంటే ఆడది పొగ తాగిందనుకుంటారని నీ భయం. బీడీ ముట్టని నేనెందుకు తలదించుకోవాలి? "రాళ్ళు కాదమ్మా, క్యాన్సర్" అని బజారంతా వినపడేట్టు చెప్పాను.

తాజా ముక్క ఎటూ పోయింది. పరీక్ష కోసం మైనంలో దాచింది కొంచెం ఉందట, దాంట్లో కొంతవరకే చూడగలరట. సోమవారం వెళ్ళి అదైనా ఇస్తాను. నువ్వు రావద్దు.

కోపంతోనే,
నీ చెల్లెలు కన్యక

వినుకొండ

అమ్మాయ్ కన్యకా,

నీ ఉత్తరం చదివి మండిపడ్డాను. ఆస్పత్రిలో కటిక నేల మీద పడుకున్నవాడికి ఇదా మర్యాద అని మీ వదినకు చదివి వినిపించాను. నా వైపు మాట్లాడుతుందనుకున్నాను. ఆమె అంతా విని, "నా గర్భసంచి తీసెయ్యమని డాక్టరమ్మకి చెప్పిందెవరు? నన్నడిగారా?" అంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ధరణి గారికి ఫోన్ చేసి, ఆ వద్దనడం మా చెల్లెలిది కాదు, నాదని చెప్పాను. "ఆ సంగతి నాకు కాదండీ, ఆమెకి చెప్పండి" అన్నారు. చెబుతున్నాను.

సోమవారం నేను రాను. మీ వదిన నీతో వస్తానంటోంది, ధరణి గారిని ఏదో అడగాలట. "ఏందది?" అన్నాను.

"అది ఆమెతోనే చెప్పుకుంటాలే" అంది.

పొద్దున బస్సెక్కిస్తాను. దింపుకో.

మీ అన్నయ్య,
చెన్నకేశవరావు