ఫీజు తీసుకునే పిల్ల

పుప్పాలగూడ,
ఆదివారం.

చిరంజీవి రోహిత్‌నీ, సౌభాగ్యవతి రసజ్ఞనీ దీవించి అమ్మ రాస్తున్న ఉత్తరం. ఎడమ మోకాలు ఒక్కటి మినహాయిస్తే ఇక్కడ నేను క్షేమం. పుణేలో మీరిద్దరూ, రసజ్ఞ కడుపులో ఉన్న మూడో మనిషీ చల్లగా ఉన్నారని తలుస్తాను. అయిదో నెల కదా, మెట్లు ఎక్కి దిగేటప్పుడు తన చెయ్యి పట్టుకో.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. నువ్వు అడిగిన పాలసీ బాండ్లు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, వాటితోపాటే ఇదీ వస్తుంది. ఫోన్లో అయితే నీ గొంతు వినగానే నోటికొచ్చిన అబద్ధం చెప్పేస్తాను. కాగితం మీదైతే కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు. ఇప్పటికి మూడు కాగితాలు చింపాను.

నీ మెయిల్లో నాలుగు సంగతులు అడిగావు. మోకాలికి డాక్టరు బెల్టు ఇచ్చాడు, పెట్టుకుంటే దురద, తీస్తే నొప్పి. లిఫ్టు బాగుచేశారు. మూడోది బాండ్లు. లాకరు తాళంచెవి కనబడలేదని నీకు రెండుసార్లు చెప్పాను. అది ఎక్కడికీ పోలేదు, నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఎందుకు అలా చెప్పానో కింద రాస్తాను.

నాలుగోది రెండుసార్లు చదివాను. "అమ్మా, ఇరవై ఆరేళ్ళు ఇన్సూరెన్స్ ఏజెంటుగా చేశావు. ఈ ఇండిపెండెంట్ ఫైనాన్షియల్ అడ్వైజర్లని నమ్మొచ్చా? నీహారిక గారిని కొనసాగించమంటావా? నువ్వు వద్దంటే వచ్చే నెలే మానేస్తాను" అని రాశావు. ఆ పిల్ల సంగతి మొత్తం నా చేతిలో పెట్టేశావన్నమాట. "వద్దు" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. నిజం చెప్పనా, మొదట చింపిన కాగితంలో ఆ ముక్కే ఉంది.

ఎందుకుండదు? ఆ మెయిల్లో "నీహారిక గారు" తొమ్మిదిసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. "అమ్మ" రెండుసార్లు. పొద్దున్నే నడవమని అయిదేళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నాను, కదల్లేదు. ఆ పిల్ల టర్మ్ పాలసీ కోసం మెడికల్ టెస్టు చేయిస్తే షుగరు ఉందని తేలింది, ఇప్పుడు రోజూ గంట నడుస్తున్నావట. జీతం పడిన రోజున "అమ్మా, ఎంత ఎక్కడ వెయ్యను" అని అడిగేవాడివి. ఇప్పుడు ఆమెకి లెక్కల షీటు పంపుతున్నావు. దానికి ఏడాదికి ముప్ఫై వేలు ఫీజు! నేను ఎవరింట్లోనూ సలహాకి ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. కాఫీ ఇస్తే తాగాను, అంతే.

పైగా ఆమె రాసిన నలభై పేజీల రిపోర్టు మొత్తం నాకు పంపేశావు. బాండ్ల జాబితా ఒక్కటే పంపుదామనుకుని ఉంటావు. నాలుగో పేజీలో "క్లయింటు భయాలు" అని ఒక భాగం ఉంది. ఏడాదిగా ఉద్యోగం పోతుందేమోనని నువ్వు భయపడుతున్నట్టూ, ఇంట్లో ఎవరికీ చెప్పనట్టూ అందులో రాసి ఉంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేకపోయాను. నాకు చెప్పని భయం ఎవరో పిల్లకి చెప్పుకున్నావు. నువ్వు పెళ్ళి చేసుకున్నప్పుడు కూడా నేనింత కుళ్ళుకోలేదని అనుకున్నాను.

ఆ పిల్ల బండారం బయటపెట్టి, ఆ తరవాతే నీకు జవాబు రాద్దామని మొన్న బుధవారం బయల్దేరాను. వాచ్‌మన్ సాయిలు గేటు దగ్గర ఎగాదిగా చూశాడు.

"ఏందమ్మా, పట్టుచీర కట్టినవ్? ఎవరి లగ్గం?"

"లగ్గం కాదు, ఒకళ్ళ పని పట్టాలి."

"జర పైలం. మోకాలు మంచిగ లేదు గదా" అని ఆటో పిలిచాడు.

కోకాపేటలో ఆమె ఆఫీసున్న అద్దాల టవరు కింద నన్ను ఫోటో తీసి, పేరు అడిగి, స్టిక్కరు పైట మీద అంటించుకోమన్నారు. మన పై ఫ్లోరులో ఉండే జయంతి పేరు చెప్పాను. లిఫ్టు లోపల బటన్లే లేవు. ఏ అంతస్తుకి వెళ్ళాలో బయటే నొక్కాలట. నేను నాలుగుకి వెళ్ళాల్సినదాన్ని, ఎవరో నొక్కిన పంతొమ్మిదికి పోయి వచ్చాను.

నీ నీహారికకి ముప్ఫై దాటి ఉండవు. నూలు చుడీదారు, జుట్టుకి మామూలు క్లిప్పు. గది మన వంటింట్లో సగం ఉంటుంది. కాఫీ తనే కలిపి తెచ్చింది, అది బాగానే ఉంది. ఇంకాస్త టిప్‌టాప్‌గా ఉంటే తిట్టుకోవడానికి నాకు సులువుగా ఉండేది.

భర్త పోయిన మనిషిని, చేతిలో కొంత డబ్బుంది అని చెప్పుకుని, కాసేపాగి ఎర వేశాను. "నాకు తెలిసిన ఒకాయన కొత్త ప్లాన్ అమ్ముతున్నాడమ్మా. మీ క్లయింట్లని అటు పంపితే మీ వాటా మీకిస్తాడు. మూడో కంటికి తెలియదు." ఈ ఎర ఎలా వెయ్యాలో నాకు తెలుసు, నాకు వేసినవాళ్ళు తక్కువమంది కాదు.

"క్లయింటు ఇచ్చే ఫీజు తప్ప ఇంకెవరి దగ్గరా నేనేమీ తీసుకోనండి. తీసుకుంటే రిజిస్ట్రేషన్ పోతుంది" అంది.

"ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడకపోవచ్చండి. కానీ ఆ డబ్బు తీసుకున్నాక ఆ ప్లాన్ మంచిదో కాదో నాకే సరిగ్గా కనబడదు."

సరే, ఇంకో పరీక్ష పెడదామని నీ పెద్ద పాలసీ బాండు తీసి, మా అబ్బాయిది, ఎలా ఉందో చూడమన్నాను. నీ పేరు కనబడకుండా దాని మీద పసుపు చీటీ అంటించి మరీ తీసుకెళ్ళాను. కానీ ఇరవై ఆరేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? బాండుని నేను కస్టమర్లకిచ్చే ప్లాస్టిక్ కవర్లోనే పెట్టి ఇచ్చాను. దాని మీద బంగారు రంగు అక్షరాల్లో "పి. రత్నమాల, మీ కుటుంబ శ్రేయోభిలాషి" అని, కింద నా ఫోను నంబరు. ఆ పిల్ల కవరు చూసింది, నా పైట మీద జయంతి పేరున్న స్టిక్కరు చూసింది, బాండు బయటికి తీసింది. నేను కవరు వైపు చూసింది అప్పుడే.

"జయంతి గారూ, ఏటా లక్ష రూపాయలు కడుతున్నారు" అంది, అదే పేరుతో పిలుస్తూ. "రేపు ఆయనకి ఏమైనా అయితే ఇంట్లోవాళ్ళకి వచ్చేది ఇరవై లక్షలండి. ఫ్లాటు లోను ఉంటే అదే తీరదు."

"రేపు మీకేమైనా అయితే?" అని వెయ్యి ఇళ్ళల్లో అడిగినదాన్ని నేను. అదే ప్రశ్న ఇప్పుడు నన్ను ఒకరు అడిగారు. నాకు ఒళ్ళు మండింది. "నువ్వు మా రోహిత్‌కి ఇచ్చిన రిపోర్టులో తప్పుంది" అనేశాను. జయంతి అక్కడితో సరి. "వాడి చిన్నప్పటి పాలసీ ఇప్పుడే తీసెయ్యమన్నావు. అది వచ్చే మార్చికి మెచ్యూరవుతుంది. ఇప్పుడు తీస్తే బోనసు చాలా పోతుంది."

ఆమె కంప్యూటర్లో చూసుకుంది. "నిజమేనండి, తప్పు నాదే. బాండు చూడకుండా రాశాను. ఇప్పుడే దిద్దుతాను" అని నా ముందే దిద్దింది. నేను పెద్ద గొడవకి సిద్ధపడి వెళ్ళాను. "తప్పు నాదే" అనే మాట ఇరవై ఆరేళ్ళలో ఒక్క కస్టమరుతోనూ నేననలేదు.

తరవాత బాండు రెండో పేజీ తిప్పి, ఒక గడి మీద వేలు పెట్టి ఆగింది. అక్కడ ఏముందో నాకు తెలుసు.

"రత్నమాల గారూ, మీరు వచ్చిన సంగతి రోహిత్ గారికి నేను చెప్పను. ఇది మాత్రం, ఆయన నాకు బాండు పంపిన రోజున చెప్పకుండా ఉండలేను."

"బెదిరిస్తున్నావా?"

"లేదండీ. నాకు ఫీజు ఇస్తున్నది ఆయన. ఆయన దగ్గర దాచలేను. ఈలోగా మీరే చెబితే బావుంటుంది" అని నాతో లిఫ్టు దాకా వచ్చి, కిందికి వెళ్ళే జీ బటను తనే నొక్కి పంపింది.

గేటు దగ్గర సాయిలు "పని పట్టినవా అమ్మా?" అన్నాడు. నేను "సాయిలూ, నేను చెప్పిన పాలసీ నువ్వెందుకు కట్టావు?" అని అడిగాను.

"మీరు చెప్పినరు గదమ్మా. గా కాయితాలు నాకేం సమజైతయ్? మంచిదైతెనే చెప్తరు, ఇగ ఫికరేంది?"

ఆ మాట విన్నాక నీకు "వద్దు" అని రాయడం నావల్ల కాలేదు.

ఇప్పుడు అసలు సంగతి విను. ఏడేళ్ళ కిందట, మార్చి నెలాఖరు. మాదాపూర్‌లో మీ ఆఫీసు గేటు దగ్గర నా స్కూటీ సీటు మీద ఫారం పెట్టి నీ చేత సంతకాలు పెట్టించాను. "అమ్మా, టర్మ్ పాలసీ అయితే ఏడాదికి పదివేలకే కోటి రూపాయల కవరు వస్తుందటగా" అని నువ్వు అడిగావు. "బతికుంటే పైసా రాదు, దండగ" అన్నాను. దండగ కాదని నాకు తెలుసురా. అందులో నాకొచ్చే కమీషను అంతంతమాత్రం. ఆ ఏడాది ఎక్కువ పాలసీలు చేసిన ఏజెంట్ల క్లబ్బులో పేరు నిలబడాలంటే నాకు ఒక పెద్ద పాలసీ తక్కువైంది, మూడు రోజులే గడువుంది. బయట ఎవరూ దొరకలేదు, నువ్వు దొరికావు. స్టేజి మీద నాకు శాలువా కప్పుతున్న ఫోటో హాల్లో ఉందే, అది నీ సంతకంతో వచ్చింది.

అప్పుడు నీ ఒంట్లో షుగరు లేదు, అడగ్గానే ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆ పిల్ల పెట్టించిన దరఖాస్తుకి మళ్ళీ టెస్టులు కావాలంటున్నారని రాశావు. ఇస్తారో ఇవ్వరో, ఇచ్చినా ఎంత ఎక్కువ కట్టమంటారో. అది తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, ఫోన్ చేసి మరీ తిట్టు.

కాబట్టి నీ నాలుగో ప్రశ్నకి జవాబు, నీహారికని మానెయ్యకు. సలహాకి నువ్వు నాకు ఏమీ ఇవ్వలేదు, ఇచ్చింది కంపెనీ. ఆ రోజు గేటు దగ్గర నిలబడింది నీ అమ్మే అయినా మాట్లాడింది కంపెనీ మనిషి. ఆ పిల్లకి నువ్విస్తున్నావు, నీ మనిషిగా నా మొహం మీదే మాట్లాడింది. అలాగని ఇలాంటివాళ్ళందరినీ నమ్మమనడం లేదు. ఇండిపెండెంట్ అని బోర్డు పెట్టుకుని వెనక నుంచి చెయ్యి చాపేవాళ్ళు నాకే పదిమంది తెలుసు. నీ డబ్బు ఎప్పుడూ ఆమె ఖాతాలో వెయ్యకు. ఏడాదికోసారి "మీకు ఇంకెవరైనా ఏమైనా ఇస్తున్నారా" అని మొహమాటం లేకుండా అడిగి, కాగితం మీద రాయించుకో. ఆమె నాకు నచ్చిందని మాత్రం అనుకోకు. నచ్చలేదు.

ఇక ఆమె వేలు పెట్టిన గడి. అది నామినీ గడి. నీకేమైనా అయితే డబ్బు ఎవరి చేతికివ్వాలో అక్కడ రాస్తారు. అందులో ఇప్పటికీ నా పేరే ఉంది. నీ పెళ్ళయి మూడేళ్ళు. ఏ కస్టమరు ఇంట్లో పెళ్ళయినా నామినీ మార్పు ఫారం పట్టుకుని వెళ్ళే మనిషిని, నీకు మాత్రం ఇవ్వలేదు. మర్చిపోయానని రాయొచ్చు, నువ్వు నమ్ముతావు కూడా. మర్చిపోలేదు. నీ బ్యాంకు ఖాతా నుంచి ఆఫీసు మెడికల్ కార్డు దాకా ఒక్కో కాగితంలో నా పేరు తీసేసి రసజ్ఞ పేరు రాస్తూ వచ్చావు. ఇదొక్కటైనా నాకుండనీ అనుకున్నాను. నీకు బాండ్లు పంపకుండా తాళంచెవి దాచింది అందుకే.

ఇది ఎంత తప్పో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. మీ నాన్నగారు పోయినప్పుడు ఆయన పాలసీలో ఉన్నది వాళ్ళమ్మ పేరు. మీ నాన్నమ్మ మంచిదే, ఏ రోజూ లేదనలేదు. కానీ నీ పాలకి, నీ స్కూలు ఫీజుకి, ఆఖరికి నా చెప్పులకి కూడా ప్రతిసారీ ఆవిడ గది గుమ్మంలో నిలబడి అడిగాను. అలా అడగలేకే ఏజెన్సీ తీసుకున్నాను. ఈ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. అంతా పడ్డదాన్ని, రసజ్ఞని నా గుమ్మంలో నిలబెట్టడానికి సిద్ధపడ్డాను.

పెద్ద బాండు లోపల నామినీ మార్పు ఫారం పెట్టాను. నీ సంతకం తప్ప అన్నీ నింపాను. పేరు రసజ్ఞ, బంధుత్వం భార్య. వాటా ఎంత అన్నచోట పెన్ను ఆగిపోయింది. నాకూ తనకీ చెరి సగం రాస్తే ఎవరూ తప్పు పట్టరు కదా అనిపించింది. కాసేపటికి నూటికి నూరు అని రాశాను. కుళ్ళు పోయిందని రాయలేదు. కుళ్ళుకుంటూనే రాశాను.

ఇట్లు,
నీకూ రసజ్ఞకూ
అమ్మ