ప్లేటులో తగ్గిన ఉగ్గాని

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రాజధాని కర్నూలుకు వచ్చాక బొరుగులు, నూనె అన్నీ ప్రియమయ్యాయి. ధర పెంచితే జనం రారని భయపడి, అన్న మన హోటల్లో బొరుగుల ఉగ్గాని కొలత తగ్గించాడు.

బేతంచెర్ల బండలు తెచ్చే లారీ ఓబులేసు మొన్నటిదాకా ప్లేటు ఎత్తి చూపి అరిచేవాడు. "ఏమప్పా, ఇది ఉగ్గాన్యా, గుళ్లో పెసాదమా?"

"బొరుగులు శానా పిరమైనాయి ఓబులేసన్నా, నేనేం చేసేది?" అనేవాడు అన్న.

ఈరోజు ఓబులేసు ఏమీ అనలేదు. తిని, చెయ్యి కడుక్కుని, ఎదురుగా కొత్తగా పెట్టిన హోటలు వైపు చూస్తూ వెళ్లాడు.

"ఈ పొద్దు గమ్మున తిన్యాడు, బతికినాం" అని అన్న నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తిట్టినవాడు మళ్లీ వస్తాడని నువ్వే అనేవాడివి. ఏమీ అనకుండా పోయినవాణ్ణి ఎట్లా పిలిచేది నాయనా?