నాగులచవితికి దాచిన బాంబు

సత్యవతీ,

నీ సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి దీపావళి ఇది. పేలని బాంబులన్నీ నువ్వయితే బకెట్టు నీళ్లలో ముంచేసేదానివి. మన సుధ వాటిని ఏరి, మన ఊరు విజయనగరంలోలా నాగులచవితికి కాలుద్దామని ఎండబెట్టి దాచింది. నిన్న చవితి సాయంత్రం ఇక్కడ ప్లాంటు క్వార్టర్ ముందు ఒకటి అంటించింది. పేలలేదు.

"ఆగవే!" అన్నాను.

"ఆరిపోయింది నాన్నా, ఏటీ అవదు" అంటూ వంగింది. మొహం మీదే పేలింది.

రెండు కళ్లకీ కట్లు కట్టారు. బాంబు గాయం కాబట్టి ఆస్పత్రివాళ్లు పోలీసులకి కబురు పెట్టారు. "దీవాలీ అయిపోయింది కదా, బాంబెక్కడిది?" అని హవల్దారు హిందీలో నిలదీశాడు. దీపావళి తర్వాత నాలుగోనాడు నాగులచవితికీ మావైపు కాలుస్తామని చెప్పాను. ఇన్నేళ్లు స్టీలు ప్లాంటులో కరిగిన ఇనుము ముందు నిలబడ్డవాణ్ణి, ఒక్క బాంబు దగ్గర దాన్ని ఆపలేకపోయాను.

చూపు సంగతి కట్టు విప్పాకే చెబుతానన్నాడు డాక్టరు.

"విప్పగానే ముందు అమ్మ ఫొటో చూపించు నాన్నా" అంది సుధ.

గోడ మీద నుంచి నిన్ను దింపి తెచ్చి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. డాక్టరు వస్తున్నాడు. నువ్వు దానికి కనపడాలి, సత్యా.