ప్రెజెంట్ మేడం

కోరుట్ల,
9 అక్టోబర్ 2011, ఆదివారం.

చిరంజీవి మంజులకు,

ప్రభువు కృప నీకు తోడుండుగాక. మీ అమ్మకు నా ఆశీస్సులు. మీ నాన్నను అడిగానని చెప్పు. నేను క్షేమం, మోకాళ్లు తప్ప. మర్యాదలు ఇంతటితో అయిపోయాయి. మిగిలిన ఉత్తరమంతా తిట్లే కాబట్టి కూర్చుని చదువు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. నిన్న రాత్రి ఫోనులో నువ్వు ఏడ్చావు. ఏడ్చే మనిషిని తిట్టడం హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన దానికి కూడా కష్టమే. పైగా బొగ్గు గనులు బందై కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. ఫోను చార్జింగు అయిపోయి మాట సగంలో తెగితే మిగతా తిట్లు నా దగ్గరే ఉండిపోతాయి. బస్సులు లేవు గనుక దీన్ని ఇబ్రహీం వ్యానులో పంపుతున్నాను. దారాలు, గుండీలు, అస్తరు బట్ట అమ్మే ఇబ్రహీం నీకు తెలుసు, నీ స్టూడెంటు సమ్రీన్ వాళ్ల నాన్న. సరుకు కోసం రేపు సిరిసిల్లకు వస్తున్నాడు.

అజయ్ నీకు ఫోను చేసి చెప్పింది అజయ్ ముచ్చట. జరిగింది నేను చెబుతాను.

రాష్ట్రం కోసం ఈ సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి బస్టాండు ముందరి టెంటులో రిటైరైన టీచర్లం వంతుల వారీగా దీక్షకు కూర్చుంటున్నామని నీకు తెలుసు. వయసు చూసి నన్ను అధ్యక్షురాలిని చేశారు. మైకు కోసం కొట్లాడుకునే వాళ్లకు వంతులు చెప్పడమే నా ఉద్యోగం. నిన్న భోజనాల వేళకు, అంటే ఇతరుల భోజనాల వేళకు, నువ్వు చరిత్ర చెప్పే ఎం.ఏ. క్లాసు అజయ్ వచ్చాడు. విద్యార్థి జేఏసీలో పెద్దవాడయ్యాక వాడి నడక కూడా మారింది. వచ్చీ రాగానే మైకు అందుకుని, పెద్ద టీచరమ్మా, సబ్బండ జాతులు సమ్మెల ఉన్నయి, మీ మనుమరాలు ఒక్కతే లేదు అన్నాడు. అది సిరిసిల్లలో ఇంట్లో ఉందిరా, డ్యూటీకి పోవడం లేదు అన్నాను. ఆమె డ్యూటీకి పోతలేదు, డ్యూటీనే ఆమె తానకు అస్తున్నది అని ఫోను తెచ్చి నా ముక్కు ముందర పెట్టాడు.

సాలార్‌జంగ్ సంస్కరణలు, రెండవ భాగం. కాగితం మీద రాసి ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టిన నీ పాఠం. పలక మీద నేను దిద్దించిన చేతిరాతను గుర్తుపట్టడానికి కళ్లద్దాలు అక్కర్లేదు. మీ క్లాసు కోసం నువ్వు పెట్టిన గ్రూపట. సరే, పెట్టావు. పాఠం చెప్పావు. అక్కడికి ఆగితే నీ సొమ్మేం పోయేది? కింద ఒక ముక్క రాశావు, చదివిన వాళ్లు 'ప్రెజెంట్ మేడం' అని పెట్టండి అని. దాని కింద వరుసగా ప్రెజెంట్ మేడం, ప్రెజెంట్ మేడం, ప్రెజెంట్ మేడం. ఒకడు ఆ రెండు మాటలకు కూడా బద్ధకించి బొటనవేలి బొమ్మ పెట్టాడు. సంతకం రాని వాళ్లు వేలిముద్ర వేస్తారు. ఎం.ఏ. చదివేవాడికి ఆ గతి ఎందుకు పట్టిందే?

టెంటులో గొల్లున లేచారు. సమ్మెలో ఉన్న బస్సు డ్రైవరు భూమయ్య మంచి మనిషి, గట్టిగా మాట్లాడడు. నిన్న ఆయనే లేచి, టీచరమ్మా, నేను డిపోకు పోతలేను గని ఇంటి ముంగట జీపు పెట్టి జనాన్ని ఎక్కించుకుంటున్న అనుకోన్రి, గది గాక టికెట్టు గూడ కొడుతున్న, గప్పుడు మీరు ఊకుంటరా అని అడిగాడు. నీ దగ్గర జవాబు ఉందా? నెల జీతం లేకుండా బిడ్డ ఫీజు ఎట్లా కట్టాలో తెలియక కూర్చున్న మనిషి అడిగిన మాట అది.

తక్కెడలో ఒక పక్క ఆయనను పెట్టి చూడు, ఇంకో పక్క నిన్ను పెట్టి చూడు. ఆ 'ప్రెజెంట్'ల వరుసను ఎవరైనా ప్రింటు తీసి, సమ్మె గిమ్మె ఏమీ లేదు, క్లాసులు సక్రమంగా నడుస్తున్నాయి అని పైకి పంపితే ఏమంటావు? మంగళవారం సమ్మె తప్పిన వాళ్ల పేర్లు మైకులో చదువుతామని ముందే అనుకున్నారు. నీ పేరు అందులో చేర్చాలని అజయ్ పట్టు. మైకులో చదివిన పేరు సాయంత్రానికి జగిత్యాల చేరుతుంది. రేపు కాలేజీ తెరిచాక ద్రోహి అనిపించుకున్న లెక్చరర్ ముందు ఏ పిల్ల కూర్చుంటుంది? కాంట్రాక్టు పొడిగించినా ఖాళీ బెంచీలకు చెప్పుకోవాలి.

అది చాలదన్నట్టు ఇంకొకటి బయటపడింది. 'ప్రెజెంట్ మేడం' అన్నవాళ్ల పేర్లు అజయ్ ఒక్కొక్కటే మైకులో చదివాడు. అన్నీ వాడికి తెలిసినవే, ఒక్కటి తప్ప. 'సన్ ఫ్లవర్' అట. ముఖం ఉండాల్సిన చోట పొద్దుతిరుగుడు పువ్వు. గీ పువ్వు మా క్లాసు గాదు అన్నాడు. పోలీసోళ్లు గిట్లనే పువ్వులు పెట్టుకుని లోపలికి సొస్తరు అని భూమయ్య. అందరూ చుట్టూ మూగి ఆ పువ్వును పరీక్షగా చూశారు. నన్నూ చూడమన్నారు, చూశాను. ఆ మధ్య నీ పాఠం కింద అది ఒక ప్రశ్న కూడా వేసిందట, ఈ సంస్కరణలు జాగీరు ఊళ్లకు అందాయా మేడం అని. నువ్వేం చేశావు? 'గుడ్ క్వశ్చన్' అని రాసి, రెండు చుక్కలు, ఒక బ్రాకెట్టు పెట్టి ఊరుకున్నావు. అది నవ్వట. ప్రశ్నకు జవాబు రాకపోతే మేము కూడా నవ్వేవాళ్లమే, కాని దాన్ని రాసిపెట్టేవాళ్లం కాదు.

ఎవరో గూఢచారి అమ్మమ్మా అని రాత్రి నువ్వూ ఏడ్చావు. తలుపు లేని క్లాసు పెట్టి, లోపలికి ఎవరొచ్చారో తెలియదంటే ఎవరిననాలి? నా బడిలోకి కుక్క వచ్చినా ఏ తరగతి అని అడిగి పంపేదాన్ని.

వచ్చిన కోపం మీద మిగతావి కూడా అనేస్తాను. నువ్వు పాఠం పెట్టిన నిమిషానికే శేఖర్ అనేవాడు 'లైక్' కొట్టాడు. రెండు పేజీలు నిమిషంలో చదివాడా, లేక కాగితం బాగుందని కొట్టాడా? ఒకమ్మాయి రాసి పంపిన వ్యాసంలో నడుమ నడుమ నీలిరంగు అక్షరాలున్నాయి. ఇంటర్నెట్టులో ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చి రంగు కూడా కడుక్కోలేదు. నువ్వు దానికి 'ఎక్సలెంట్' ఇచ్చావు. నీ క్లాసులోనే ఉన్న రుద్రంగి విజయకు ఫోనే లేదు, తెలుసా? ఆ పిల్ల ఏమని ప్రెజెంట్ అనాలి, ఎక్కడ అనాలి?

ఇక నీ పరిశోధన. బీడీలు చేసే ఆడవాళ్ల చరిత్రకు ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పెట్టి సమాచారం తెప్పించుకోమని మీ గైడు గారు సలహా ఇచ్చారని మురిసిపోయావు. టెంటు అంచున చాటలో బీడీలు చుట్టే తునికాకు పెట్టుకుని కూర్చునే సత్తవ్వకు ఈ సంగతి చెప్పాను. నా ముచ్చట గావాల్నంటే నా ముంగట కూసొమ్మను, ఆకు కత్తిరించుకుంట చెప్త, ఊకె కూసుండి చెప్పుమంటే నాతోని గాదు అన్నది.

నిన్న నీ పరువును టెంటులో కాస్త నిలిపింది కూడా ఆ సత్తవ్వే. అందరూ అరిచి అలిసిపోయాక, కత్తెర ఆపకుండానే, గా పేర్లు సదివెటోళ్లు జర నా మాట గూడ ఇనున్రి అన్నది. అరవై తొమ్మిదిల గూడ గిట్లనే బడులు బందు వెట్టిన్రు, మంచిగనే కొట్లాడిన్రు. బడి తెరిచెటాళ్లకు మా నాయిన నాకు లగ్గం జేసిండు. ఇగ రేపు రాష్ట్రం అస్తది. గా రాష్ట్రంల నౌకరి జేసెటందుకు మన పోరగాండ్లు సదివి ఉండద్దా, అందరు నా లెక్క చాట పట్టుకోవాల్నా, అన్నది.

ఆ ఏడాది బడి మళ్లీ తెరిచిన రోజున ఏడో తరగతి హాజరు పిలిచింది నేనే, కొత్తగా చేరిన టీచరును. సత్తవ్వ పేరు పిలిస్తే పక్క పిల్ల లేచి, దాని లగ్గమైంది టీచర్ అని చెప్పింది. అట్లాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. వాటి మీద ఎర్ర సిరాతో గీత కొట్టింది కూడా ఈ చెయ్యే.

అప్పుడు అజయ్, ఇగ అధ్యక్షురాలే చెప్పాలె, సొంత మనుమరాలని దాస్తరో, న్యాయం జేస్తరో సూస్తం అన్నాడు. వాడి నోరు అట్లాంటిది. నేను లేచి చెప్పింది ఇది: పాఠం పిల్లలది, హాజరు సర్కారుది. సమ్మెలో సర్కారు పని ముట్టరాదు. కాబట్టి హాజరు తీసుకోవడం తప్పు, ఆ వరుస ఇవాళే తీసెయ్యాలి. పాఠం తప్పు కాదు. కాని చాటుగా చెప్పడం ఏమిటి? మంగళవారం మంజుల ఈ టెంటులోనే, మన బ్యానరు కిందనే, మూడవ భాగం చెబుతుంది. ఫోను ఉన్నవాళ్లు ఫోటోలు తీసి ఎక్కడైనా పెట్టుకోండి. సమ్మెలో ఉండి చదువుకుంటున్నారని లోకం చూడనీ.

భూమయ్య తల ఊపాడు. టికెట్టు గొట్టకుంటే నాకేం అడ్డం లేదు, ఎక్కిచ్చుకోనీయిన్రి అన్నాడు. అజయ్ కాసేపు గొణిగి, మైకు మాత్రం తనే పట్టుకుంటానని ఒప్పుకున్నాడు.

కాబట్టి మంగళవారం పొద్దున ఇబ్రహీం వ్యాను తిరిగి వచ్చేటప్పుడు ఎక్కు. అంతమంది ముందు నాకు గొంతు పెగలదు అమ్మమ్మా అని మొదలుపెట్టకు. నీకు ఫోను నచ్చింది అందుకేనని నాకు తెలుసు. అందులో పిల్లల ముఖాలు కనబడవు, నిద్రపోయేవాడూ కనబడడు. రాకపోతే ఆ జాబితాలో నీ పేరే మొదట చదువుతారు. అధ్యక్షురాలిని కనుక చదివేది నేనే. నా గొంతు ఇంకా పెగులుతుంది. మధ్యాహ్నం సత్తవ్వ పక్కన కూర్చుని నీ పరిశోధన ప్రశ్నలు అడుగు. ఆకు కత్తిరించడం కూడా నేర్చుకో.

వచ్చేటప్పుడు మంచి చీర కట్టుకో. ఫోటోలు తీస్తారు.

తిట్టడానికి నీకున్న ఒకే ఒక్క అమ్మమ్మ,
రూతమ్మ

తా.క.: ఉత్తరం మడిచి పెట్టాక మళ్లీ విప్పాను. ప్రార్థనకు పోయి వచ్చిన నోటితో సగం చెప్పి ఊరుకోవడం బాగా లేదు. ఆ పొద్దుతిరుగుడు పువ్వును గ్రూపులోంచి తీసెయ్యకు. అది నేనే. నువ్వు గ్రూపు పెట్టిన మరునాడే సమ్రీన్ తన ఫోను తెచ్చి చూపించింది, నా కోసం ఖాతా తెరిచి ఆ పువ్వు బొమ్మ కూడా ఆ పిల్లే పెట్టింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం నీ పాఠం కాగితం మీద ఎత్తి రాస్తున్నాను. ఇబ్రహీం పోతూ పోతూ దాన్ని రుద్రంగిలో విజయకు ఇస్తున్నాడు. జిల్లాలు ఏర్పరచిన జిలాబందీ 1865, నువ్వు 1856 అని రాశావు. విజయ కాగితంలో దిద్దాను, మిగతా వాళ్లకు నువ్వు దిద్దు. జాగీరు ఊళ్ల ప్రశ్నకు నిజంగానే జవాబు కావాలి, ఆ బ్రాకెట్టు వద్దు.

నిన్న తీర్పు చెప్పిన మనిషే ఆ వరుసలో ఉందని టెంటుకు ఇంకా తెలియదు. నిన్ననే తెలిసి ఉంటే నా తీర్పు నిలిచేది కాదు, మైకులో నీ పేరు ఆగేది కాదు. కాని ఎల్లకాలం పువ్వు చాటున కూర్చోలేను. మంగళవారం నువ్వు హాజరు పిలవవు, పిలవనివ్వను కూడా. అయినా నువ్వు పాఠం మొదలుపెట్టే ముందు అందరి ఎదుట, ముందు వరుసలోంచి ఒక ముసలి ఆడమనిషి మోకాళ్లు పట్టుకుని లేచి, ప్రెజెంట్ మేడం అంటుంది. అజయ్‌ని మైకు ఇటు తిప్పమని చెప్పు.