ఏడో నంబరు కారు తాళం

ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ కామేశ్వరరావు గారికి,

నమస్కారం. నిన్న పొద్దున కొత్తగూడ ఫ్లైఓవర్ దగ్గర ముగ్గురు ఉద్యోగులను దారిలోనే దించేసినందుకు సంజాయిషీ రాయమన్నారు. రాస్తున్నాను.

బ్రేకు నొక్కితే కారు కీచుమంటోందని నెల కిందటే సూపర్‌వైజర్ అవినాష్ గారికి చెప్పాను. "పాటలు పెట్టుకోవయ్యా, వినపడదు" అన్నారు. తర్వాత ఇనుమును ఇనుము గీకుతున్న చప్పుడు మొదలైంది. మళ్లీ చెప్పాను. "సర్వీసుకు ఇంకా టైముంది" అన్నారు.

నిన్న ఫ్లైఓవర్ దిగుతుంటే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది. ఎదురుగా స్కూటర్ మీద ఒక తల్లి, వెనక స్కూలు బట్టల్లో పాప. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి, డివైడర్‌కు ఒరిపించి ఆపాను. లోపలున్న ముగ్గురిలో దేవిశ్రీ మేడమ్ కారు దిగుతూ, "అన్నా, మేమింక ఈ కారెక్కం" అన్నారు. ఫోన్ చేస్తే అవినాష్ గారు, "ఆగింది కదా, మెల్లగా తీసుకురా" అన్నారు.

"సార్, జర మీరే వచ్చి తోలుండ్రి, నేను పక్కన కూసుంట" అన్నాను. దాన్నే మెమోలో దురుసుతనమని రాశారు.

వేరే బండితో లాగించి తెచ్చిన ఆ కారునే, బ్రేకులు బాగు చేయించకుండా, రేపు కొత్త డ్రైవర్ సాయిచంద్‌కు ఇస్తున్నారట. ఆ చప్పుడు బండికి మామూలే అనుకుంటాడు. అందుకే తాళం ఇంటికి తెచ్చుకున్నాను. దొంగతనమని రాసుకున్నా సరే. మెకానిక్‌ను పంపండి, అతని చేతికే ఇస్తాను.

ఇట్లు,
ఏడో నంబరు కారు డ్రైవర్