రజాయి లోపలి పట్టీలు

పెదజాలరిపేట,
9 నవంబరు 2001.

దేవక్కా,

పొద్దున్న లేచి చూస్తే నాన్న వేటకి వెళ్లలేదు. నా రజాయికి పట్టీలన్నీ తనే కోసి పేర్చాడు! ఈ పలచటి గుడ్డ పట్టీలు లోపల నిలబెడితేనే బాతుల నూగు, అదే ఆ సన్నటి మెత్తటి ఈకలు, ఒక మూలకి జారకుండా పొంగి ఉంటుంది. నూగు! ఎంత మెత్తటి మాటో చూడు. కానీ నాన్న కుట్టులోకి పోయే గుడ్డ వదలకుండా కోసేశాడు. అంచులు మడిస్తే పట్టీ సగమే మిగులుతోంది.

"వలకి మడతలేటే? ముడేసుకుపోడమే గదా!" అన్నాడు. తర్వాత సంగతి అర్థమై గంజి కూడా ముట్టలేదు.

ఎల్లుండే మా కాలేజీవాళ్ల మనాలి యాత్రకి రైలు. వెచ్చటి రజాయి లేనివాళ్లని మంచుకొండ ఎక్కనివ్వరు. అలాంటి గుడ్డ ఇక ఏ కొట్లోనూ లేదు. అక్కా, పట్టీలు కోసుకోడానికి నీ దోమతెర ఇస్తావా? చంటిదాన్ని దోమలు కుడతాయని తెలిసే అడుగుతున్నాను. నాకు ఇంకో దారి లేదు.

చేపల బుట్టతో మీ వీధికొచ్చే పైడితల్లి అత్త చేత ఇది పంపుతున్నాను. రేపు పొద్దున్న మొదటి బస్సుకి నేనూ నాన్నా వస్తాం. దోమతెర నువ్వే ఇస్తానన్నావని నాన్నకి చెప్పేశాను. గుమ్మంలో కాదనకు.

నీ చెల్లి